పొట్టి ఆట, గట్టి ఆట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సెల్‌ఫోనులో తుపాకి ఆటలాడే కుర్రవాళ్ళు చాలామందే. ఆ ఆటలకు తాతలాంటిది 'డూమ్'. 1993లో అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసింది. అంగారకుని ఉపగ్రహాలపై ఒంటరి సైనికుడు భూతాలతో పోరాడతాడు. ఆడేవానికి కనిపించేది చేతిలోని తుపాకి, ఎదుటి దారి.

పుంగనూరు ఆవులా ఇది పొట్టిది, మేత తక్కువ. పాత కంప్యూటరు మీద కూడా పరుగెత్తుతుంది. తాళంచెవి ఒకచోట, తలుపు మరొకచోట ఉండే చిక్కుదారులు బుర్రకు పని పెడతాయి. కథ మాత్రం బొత్తిగా పలుచన. తలెత్తి పైకి చూసే వీలైనా లేదు. ఎదురుపడ్డదాన్నల్లా కాల్చడమే, ఆ నెత్తురు చిన్నపిల్లలు చూడదగ్గది కాదు.

అయితే 1997లో ఆ సంస్థ ఆట మూల ప్రోగ్రామును అందరికీ ఇచ్చివేసింది. (కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడిందీ ఆ ఏడే.) అసలు బలం ఇక్కడుంది. రాత్రంతా కాల్చే కుర్రవాడు ఒక్క పూట ఆ ప్రోగ్రాము తెరిచి, తెరమీద గోడ ఎలా నిలబడుతుందో చూస్తే చేతికి విద్య వస్తుంది. చెప్పేవారు లేకుంటే అది కొరుకుడు పడదు. కంప్యూటర్లు, ఉపాధ్యాయులు ఉన్న కళాశాలలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఆ గదులు తెరిపించి, పల్లె పిల్లలను పదిమందినైనా కూర్చోబెట్టాలి.