ఆకాశమున అప్పగింత

మన అల్వాలువాసులకు విమానధ్వని కొత్తది కాదు. ఉత్తరమున హకీంపేట వైమానికదళ స్థావరము, వాయవ్యమున దుండిగల్ వైమానికదళ అకాడమీ, దక్షిణమున బేగంపేట విమానాశ్రయము మనకు పొరుగులు. మేడమీఁద వడియములు పెట్టుకొను గృహిణి తలయెత్తి చూచినచో కనఁబడునది అంతయు ఒక్కటే నీలిమ. విమానము నడపువారికి మాత్రము అది గట్లు వేసిన పొలము వంటిది. ఏ మడి యెవరిదో, ఎంత యెత్తువఱకో, ఎవరి యనుమతితో అందు అడుగిడవలయునో తెలిసియుండవలయును.

ఈ కాలమున చదువు ముగించిన ఆడుపిల్ల "నేను వాణిజ్య విమానము నడిపెదను" అనినచో తల్లి గుండె ఝల్లుమనుట సహజము. యంత్రము మాట తలఁచుకొనియే మనము భయపడుదుము. కాని ఆ విద్యలో పెద్ద పాలు మాటకు సంబంధించినది. వాణిజ్య లైసెన్సునకు 200 గంటలు ఎగురవలయును. దానితోపాటు రేడియోలో మాటలాడు అర్హతకు వేఱుగా పరీక్ష నెగ్గవలయును. ఆ విద్య యెట్టిదో తల్లులు కొంత యెఱిఁగియుండుట మేలని మాకు తోఁచినది.

మొదట గట్ల సంగతి. మన దేశపు గగనతలము ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అను నాలుగు సమాచార మండలములుగా విభజింపఁబడినది. హైదరాబాదు చెన్నై మండలములోనిది. అందుచేతనే మన విమానాశ్రయముల సంకేతములన్నియు 'వీ-ఓ' అను అక్షరములతో మొదలగును. శంషాబాదు వీ-ఓ-హెచ్-ఎస్, హకీంపేట వీ-ఓ-హెచ్-కె, దుండిగల్ వీ-ఓ-డి-జి. ప్రయాణికుల విమానములు 2008 మార్చి 23న శంషాబాదునకు తరలిపోయినను, హైదరాబాదు పేరిటి వీ-ఓ-హెచ్-వై బేగంపేటకే మిగిలినది. ఇవిగాక ఎన్నఁడును పోఁగూడనివి, నిబంధనలకు లోఁబడి పోఁదగినవి, ప్రమాదకరమైనవి అని మూఁడు విధములైన ప్రాంతములు పటములందు గుర్తింపఁబడియుండును. వైమానికదళము అభ్యాసము చేయు మన దిక్కున ఆ పటము చూడక బయలుదేఱుట చెల్లదు.

ఆ పటములును, రన్‌వేల కొలతలును, రేడియో పౌనఃపున్యములును గల గ్రంథమును భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ ప్రకటించును. దానిని విమానచోదకుల పంచాంగ మనవచ్చును. ముఖ్యమైన మార్పులు 28 దినముల కొకమాఱు, గురువారమునాఁడే, లోకమంతటను ఒక్కసారి అమలులోనికి వచ్చును. నడుమ హఠాత్తుగా రన్‌వే మూసినను, దీపములు చెడినను, వైమానికదళము విన్యాసములు జరిపినను 'నోటామ్' అను ప్రకటన వెలువడును. అది ఊరిలో వేయు టముకు వంటిది. పంచాంగము చేతనుండియు టముకు విననివాఁడు మూసిన దారిన పోవును. ఇందలి కాలగణనము మన గడియారము ననుసరింపదు. మన ఉదయము 5-30 అయినపుడు ఆ లెక్కలో సున్న గంట.

ఇఁక రేడియో. ఇంటిలో మనము పాటలు విను ఎఫ్.ఎమ్. రేడియో 108 మెగాహెర్ట్జులతో ముగియును. దానిపై కొంత భాగము దారి చూపు సాధనములకు పోఁగా, 118 మొదలు 137 వఱకు విమానముల సంభాషణకు కేటాయింపఁబడినది. ఈ తరంగములు ఇంచుమించు సూటిగా పోవును. భూమి వంపును దాఁటలేవు. కనుక ఎత్తున నున్నవారికి దూరము వినఁబడును, తక్కువ యెత్తున నున్నవారికి వినఁబడదు. ఇద్దఱు ఒక్కసారి మాటలాడినచో ఇద్దఱి మాటయు చెడి కీచుమను ధ్వని మాత్రము మిగులును. 121.5 ఆపదలకై ప్రత్యేకింపఁబడినది. గొంతు పనిచేయక రేడియో మూగవోయినచో, విమానములోని యంత్రమున 7600 అను అంకె పెట్టి ఆ సంగతి తెలుపవలయును.

నియంత్రణాధికారి చెప్పిన ఎత్తును, రన్‌వేను, అనుమతిని చోదకుఁడు తిరిగి పలుకవలయును. బడిపిల్లలు గురువునకు పాఠము అప్పగించినట్లే యిదియును. అధికారి ఆ అప్పగింతను విని తప్పున్నచో సరిదిద్దును. విన్నదియు చెప్పినదియు ఒక్కటే యని రూఢి చేసికొనుటకు ఇంతకంటె సులువైన ఉపాయము లేదు.

అయినను అప్పగించినంతమాత్రమున చాలదు, ఆచరింపవలయును. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీపైని ఢిల్లీ విడిచిన సౌదీ విమానమును, ఢిల్లీకి దిగివచ్చు కజకస్థాన్ విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. చుట్టుపట్ల గగనతలము వైమానికదళ వశమున నుండుటచే పోవువారికిని వచ్చువారికిని ఒక్కటే దారి యుండెను. సౌదీవారికి 14,000 అడుగులు, కజకులకు 15,000 అడుగులు నిర్ణయింపఁబడినవి. కజక విమానము ఆ గట్టు దిగినది. అందు రేడియోలో మాటలాడువాఁ డొకఁడు, నడపువా రొకరు. మాటలాడువాని యెదుట ఎత్తు చూపు యంత్రమే లేదు. లహోటీ విచారణ సంఘము ఆ సిబ్బంది ఆంగ్లభాషాలోపమును సయితము ఎత్తి చూపినది. తరువాత రాకపోకలకు వేఱ్వేఱు దారు లేర్పడినవి; ఎదురువచ్చు విమానమును గూర్చి హెచ్చరించు యంత్రము మన దేశమున తప్పనిసరి యైనది.

ఈ విద్యకు స్త్రీలు తగరని అనువారికి మన నగరమే సమాధానము. 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను పలు సంస్థలు నిరాకరింపఁగా, హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ చేర్చుకొన్నది. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి యుద్ధవిమాన చోదకురాండ్రుగా దుండిగల్‌లోనే పదవీస్వీకారము చేసిరి.

కాని మన యిండ్లలో ఆడుపిల్లకు మనము నేర్పునది వేఱు. "పెద్దలు చెప్పినపుడు ఎదురు ప్రశ్న వేయకుము, తలయూఁపుము" అందుము. అర్థము కాకున్నను తలయూఁపుట ఆ పిల్లకు అలవాటగును. విమానమున అట్టి మౌనము ప్రాణాంతకము. అచట వినఁబడనిచో "మఱల చెప్పుఁడు" అని నిస్సంకోచముగా అడుగుటయే మర్యాద. దానికి నియమిత పదము సయితము కలదు.

కనుక సోదరీమణులారా, బిడ్డను పంపుటయా మానుటయా యన్నది మీ స్తోమతును, పిల్ల ఆరోగ్యమును, ఇచ్ఛను బట్టి యుండును. ఆ నిర్ణయమునకు ముందే చేయఁదగిన పని యొకటి కలదు. పచారీ సామానుల పట్టీ చెప్పినపుడు పిల్లచేత తిరిగి అప్పగింపించుఁడు. తెలియనిది అడిగినపుడు విసుగుకొనకుఁడు. మీరు పొరపాటున నాలుగు సేర్లకు బదులు రెండనినచో, ఆమె ఆగి "అమ్మా, నిన్న నాలుగనలేదా?" యని అడుగఁగలిగినచో సంతోషింపుఁడు.