తీతువు అరిస్తే భయమెందుకు?

రాత్రివేళ పొలాల మీదుగా తీతువు అరుస్తూ పోతే ఊళ్లో ఎవరో చనిపోతారని మన పల్లెల్లో చాలామంది భయపడతారు. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే ఆ భయం ఇంకా ఎక్కువ. విశ్వాస కుటుంబాలలో సైతం ఈ మాట వింటూనే ఉన్నాము. అందుకే ఈ నెల పక్షుల కూతలను గూర్చి వ్రాస్తున్నాము.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. ఎండాకాలంలో గులకరాళ్ల నడుమ నేలమీదనే గుడ్లు పెడుతుంది, సాధారణంగా నాలుగు. రాయి ఏదో గుడ్డు ఏదో చూపుకు అందదు. కుక్కో, పామో, నీళ్లు కట్టడానికి పోయే మనిషో దగ్గరికి వస్తే, పగలైనా రాత్రైనా తల్లీ తండ్రీ లేచి పైన తిరుగుతూ గోల చేస్తాయి. అది పిల్లల కోసం పెట్టే కేక, చావు కబురు కాదు. అది అరిచిన చేనులో మరునాడు అడుగు చూసి వేయండి.

తిరుపతి వైపు వారికి కూతలు నేర్చుకోవడానికి అలిపిరి మంచి బడి. శేషాచలం అడవి అక్కడే మొదలవుతుంది. తెల్లవారుజామున కొండ పాదాల దగ్గర నిలబడి వినండి. మన పుంజు కూతలాగే మొదలై తునకలుగా తెగిపోయేది అడవికోడిది. పొదలోనుండి లోగొంతుతో ‘కూప్, కూప్, కూప్’ అని వరుసగా వచ్చేది జెముడుకాకిది. కొందరు దానిని గుడ్లగూబ అనుకుంటారు. ‘కుహూ’ అని పాడేది మగకోకిల. ఆడది ‘కిక్ కిక్’ అని అరుస్తుంది. మెప్పంతా ఆడదానికి ఎలా పోయిందో మరి! అయితే చిరుతలు తిరిగే చోటు, పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

పొరుగున కడప జిల్లాలో కలివికోడి సంగతి చూడండి. 1900 తరువాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దానిని మరల కనుగొన్నారు. పక్షిని పట్టి చూపినది పెద్ద చదువరి కాడు, అక్కడ పక్షులు పట్టే ఐతన్న! అది రాత్రి తిరిగే పక్షి. పొద్దుగుంకి చీకటి పడేవేళ కొద్ది నిమిషాలే కూస్తుంది. 2000 తరువాత ఆ కూతను రికార్డు చేసి, లంకమల పొదల్లో వినిపించి, జవాబు వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకున్నారు. దాని నివాసం చెడకుండా తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసి వచ్చింది.

మీ ఊరి గొర్రెల కాపరులకు, ముసలివారికి ఇటువంటి చెవి ఇంకా ఉంది. సాయంత్రం పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. విన్న కూతను, వేళను, చోటును ఒక నోటుబుక్కులో వ్రాసుకొమ్మనండి. పక్షి పేరు తెలియకపోతే కూతను చెవికి తోచిన అక్షరాలలో పెట్టినా చాలు.