పువ్వుకు సరైన పేరు

కొంతకాలం క్రితం అరబ్బీ పాఠంలో ‘షఖాయిఖున్నుమాన్’ అనే మాట ఎదురైంది. ఎర్రని పువ్వు అని చెప్పి ముందుకు సాగబోయాము. ఒక విద్యార్థి లేచి, “హజ్రత్, అది ఏ పువ్వు?” అని అడిగాడు. “గసగసాల పువ్వు” అన్నాము. అది తప్పు. నిఘంటువులు తిరగవేసిన పిమ్మట తెలిసింది. మరునాడు తరగతిలోనే ఒప్పుకొని సవరించుకున్నాము.

ఆ పువ్వు అనిమోన్. మధ్యధరా తీరాన, షామ్ ప్రాంతపు కొండల్లో చలికాలం చివర పూస్తుంది. హీరా రాజు నుమాన్ పేరిట ఆ పేరు వచ్చిందని కొందరు, ‘నుమాన్’ అంటే రక్తమని మరికొందరు అరబ్బు నిఘంటుకారులు వివరించారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. అనిమోన్ పువ్వు కింద, కాడ చుట్టూ చీలిన ఆకుల పట్టీ ఒకటి ఉంటుంది; నడుమ నల్లని కేసరాలు ఉంటాయి. గసగసాల పువ్వుకు ఆ పట్టీ ఉండదు, కాడ తుంచితే పాలు కారుతాయి. ఈ భేదం తెలియడం అవసరం. అనుమతి లేకుండా నల్లమందు గసగసాలను సాగుచేయడం 1985 నాటి చట్టం ప్రకారం నేరం. అందం చూసి తెలియని విత్తనం నాటరాదు.

అనిమోన్ గడ్డలను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, నీరు నిలవని మట్టిలో 5 సెంటీమీటర్ల లోతున నాటుతారు. చల్లని రాత్రులు కావాలి. తిరుపతి ఎండకు అది నిలవదు. ఆకుల పట్టీ నుండి పువ్వు కాస్త పైకి లేచాక, ఉదయం కోస్తే పూలజాడీలో కొన్నాళ్ళు నిలుస్తుంది. దాని రసం చర్మాన్ని మండిస్తుంది, తింటే విషం. మనం మందుగా వాడే కలోంజీ కూడా ఈ కుటుంబపు మొక్కే. అయినా బంధుత్వం చూసి ఒకదాని గుణాన్ని మరొకదానికి అంటగట్టరాదు.

మన చిత్తూరు నేలకు చామంతి, కనకాంబరం చాలు. పిల్లలచేత వాటిని నాటించండి, పేర్లు అడగండి. ఆదం అలైహిస్సలామ్‌కు అల్లాహ్ పేర్లన్నీ నేర్పాడని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది. తెలియని పేరును తెలిసినట్లు చెప్పడం ఆ వారసత్వానికి తగదు. ఆ విద్యార్థి అడగకపోతే మేము ఆ తప్పునే ఏటేటా బోధించేవాళ్ళము. అల్లాహ్ అతని విద్యను వృద్ధి చేయుగాక!