వెబ్ డిజైన్ కోర్సుకి ఫీజు కట్టే ముందు ఒక మాట



మొన్న మన సంఘం గ్రూపులో బాగేపల్లి వైపు నుంచి ఒక అన్న అడిగినాడు. వాళ్ళ అమ్మాయి బీకాం అయిపోయిందంట. బెంగళూరులో వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సుకి ముప్పై ఐదు వేలు అడుగుతున్నారు, సంఘం నుంచి సగం ఇస్తారా అని. చాలామంది ఇద్దామన్నారు. నేను వద్దన్నాను. అన్నకి బాధ కలిగింది. అందుకే నా కారణాలు వివరంగా రాస్తున్నాను.

నేనూ 2008లో ఇట్లే కట్టినవాణ్ణే. చింతామణి నుంచి రోజూ బస్సులో బెంగళూరు పోయి మూడు నెలలు డ్రీమ్‌వీవర్, ఫ్లాష్ నేర్చుకున్నాను. ఏ మెనూలో ఏముందో నోటుబుక్కులో రాసుకోవడమే చదువు. 2010లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లో ఫ్లాష్ ఎందుకు పెట్టలేదో బహిరంగ లేఖ రాసినాడు. 2020 డిసెంబర్ 31తో అడోబీ కంపెనీయే ఫ్లాష్‌ని ఆపేసింది. నా సర్టిఫికెట్ మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

ఆ కోర్సులో రెండు రోజుల్లో ముగించేసిన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ ఒక్కటే ఈనాటికీ నాకు అన్నం పెడుతోంది. శిడ్లఘట్టలో రీలింగ్ నేర్చుకునేవాడికి మిషను పేరు కాదు, గూడు చూసి నూలు ఎట్లా వస్తుందో చెప్పగలిగే కన్ను కావల్ల. ఇదీ అంతే.

ఆ కన్ను రావడానికి మొదట్లో డబ్బు అక్కర్లేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఈరోజుకీ ఏ పేజీ అయినా కంప్యూటర్‌లో తెరిచి రైట్ క్లిక్ చేస్తే దాని లోపలి రాత కనపడుతుంది. ఫ్రీకోడ్‌క్యాంప్‌లో పాఠాలూ సర్టిఫికెట్టూ ఉచితమే. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్‌లో చాలా పాఠాలు భారతీయ భాషల్లో వినొచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చదివిన మన పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. కోడ్ రాసే వీఎస్ కోడ్ ఉచితం, డిజైన్ గీసే ఫిగ్మా కూడా మొదలుపెట్టేవాళ్ళకి ఉచితమే.

"అన్నీ ఫోన్లోనే ఉంటే అందరూ నేర్చుకునేవాళ్ళు కదా" అని ఒక అక్క అడిగింది. నిజమే. ఇంట్లో ఒకటే ఫోను, మధ్యలో పాలు పిండే పని, అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ఒంటరిగా కూర్చుంటే పదో రోజుకే వదిలేస్తారు. కొందరికి ఫీజు కట్టినామన్న భయమే కూర్చోబెడుతుంది. అయితే అప్పుడు మనం కొనేది సాఫ్ట్‌వేర్ కాదు, కూర్చునే చోటు, టైము, తప్పు దిద్దే మనిషి. వాటికైతే ఇద్దాం.

నా సలహా ఇది. ఆ అమ్మాయి ముందు రెండు నెలలు ఉచితంగా నేర్చుకుని ఒక పేజీ చేయనీ. మన సంఘం పేజీయే చేయనీ, లేదా ఊళ్ళో ఒక అంగడికి చేయనీ. ఇష్టం పుట్టకపోతే ముప్పై ఐదు వేలు మిగిలినట్టే. ఇష్టం పుడితే ఏది రాలేదో తనకే తెలుస్తుంది. అప్పుడు ఆ కొరతకి తగిన మనిషిని చూసి కట్టొచ్చు. అప్పుడు కూడా సంస్థని మూడు అడగండి: పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన పేజీలు చూపిస్తారా? నా పని చూసి తప్పులు దిద్దేది ఎవరు? మధ్యలో మానేస్తే డబ్బు వాపసు ఇస్తారా? ఉద్యోగం గ్యారంటీ అని మాత్రమే చెప్పేవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

సంఘానికీ ఒక మాట. ఒక్కరి ఫీజులో సగం ఇచ్చే డబ్బుతో వాడిన మంచి ల్యాప్‌టాప్ ఒకటి కొనొచ్చు. దాన్ని సంఘం గదిలో పెడితే ఏడాదికి నలుగురైదుగురు పిల్లలు నేర్చుకుంటారు. ఆదివారం పొద్దున రెండు గంటలు నేను కూర్చుంటాను. బెంగళూరులో ఈ పని చేస్తున్న మన పిల్లలు ఇంకో ఇద్దరు ముందుకొస్తే చాలు.

బాగేపల్లి అన్నా, మీ అమ్మాయినే మొదట పంపండి. మిగతావాళ్ళు ఒప్పుకుంటారో లేదో కింద రాయండి, వచ్చే మీటింగులో మాట్లాడదాం.