ఫెలోషిప్ పడిందా?

పెద్ద విశ్వవిద్యాలయంలో చదివే మనిషికి కష్టాలుంటాయంటే మన ఇళ్లలో ఎవరూ నమ్మరు. నాకు ఢిల్లీలో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్రలో పీహెచ్‌డీ సీటు వచ్చినప్పుడు, కందుకూరులో మా వీధివాళ్లంతా వచ్చి మా నాన్నను అభినందించి వెళ్లారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఆ తర్వాత ఏ పండక్కి ఇంటికెళ్లినా బంధువుల మాట ఒకటే: ‘‘నీకేం తల్లీ, చదువుకుంటూ నెలనెలా డబ్బులు కూడా తీసుకుంటున్నావు.’’ డబ్బులు ఇస్తారన్నది నిజమే. నెలనెలా అన్నదే నిజం కాదు.

విశ్వవిద్యాలయం నాకు చాలా ఇచ్చింది. అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే లైబ్రరీ, ఏ ఊరినుంచి వచ్చావని కాక ఏం చదివావని అడిగే స్నేహితులు నాకు అక్కడే దొరికారు. కానీ అక్కడ పరిశోధక విద్యార్థిని లోలోపల తినేసేది డబ్బు సమయానికి అందకపోవడం. ఆ సంస్థకున్న గొప్ప పేరే ఈ సంగతి బయటికి రాకుండా అడ్డుపడుతోందని నా అభిప్రాయం.

నేను చేరిన రోజుల్లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 25,000 రూపాయలు. 2023 జనవరి నుంచి అది 37,000 అయింది. రెండేళ్లు నిండాక ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 ఇస్తారు. కాగితం మీద మంచి మొత్తమే. అది చేతికి రావాలంటే మాత్రం ప్రతి నెలా హాజరు కాగితం మీద గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం కావాలి. తర్వాత విశ్వవిద్యాలయంలో ‘మేకర్’ అనే ఉద్యోగి ఆ వివరాలను బ్యాంకు పోర్టల్‌లో ఎక్కించాలి, ‘చెకర్’ అనే మరో ఉద్యోగి ఖాయం చేయాలి. వీళ్లలో ఒకరు సెలవులో ఉండి గడువు దాటితే ఆ నెల పోయినట్టే. ఆ డబ్బు వచ్చే నెలకో, ఆపై నెలకో వాయిదా పడుతుంది. జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారేటప్పుడు మళ్లీ ఒక కమిటీ కూర్చోవాలి, ఫైలు కదలాలి. మా క్యాంపస్‌లో ఇద్దరు స్కాలర్లు ఎదురుపడితే మొదట వచ్చే ప్రశ్న ‘‘ఫెలోషిప్ పడిందా?’’ అనే.

నెట్ పరీక్ష ద్వారా వచ్చే ఈ ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చేది నెలకు 8,000. 2015 అక్టోబరులో దాన్నీ ఆపేయాలని యూజీసీ నిర్ణయిస్తే, విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు. ఫెలోషిప్ కొనసాగింది. మొత్తం మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే 8,000 దగ్గరే ఆగిపోయింది.

మెస్ బిల్లుకు ఈ ఆలస్యాలతో పనిలేదు. మా హాస్టల్లో బాకీదారుల పేర్లు, ఎదురుగా అంకెలతో సహా, నోటీసు బోర్డుకు అంటించేవాళ్లు. అన్నానికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఆ బోర్డు దాటుకునే వెళ్లాలి. మా ఫ్లోర్లో ఆదిలాబాద్ అమ్మాయి ఒకతె ఊరికి వెళుతున్నానని చెప్పి మెస్ ఆఫ్ పెట్టుకుని, గదిలోనే ఉండిపోయి ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులు నానబెట్టుకుని తినేది. జాతీయ స్థాయి పరీక్ష నెగ్గి జేఆర్ఎఫ్ తెచ్చుకున్న పిల్ల. ఆ డబ్బు రావాల్సి ఉండి కూడా రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం ‘‘బాగానే తింటున్నానమ్మా’’ అనేది. వాళ్లమ్మ ఊళ్లో అందరికీ కూతురు ఢిల్లీలో సంపాదిస్తోందని చెప్పుకుంది. పైగా తమ్ముడి ఫీజు కూడా ఈ ఫెలోషిప్ మీదే ఆధారపడి ఉంది.

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాక అతని ఉత్తరం గురించి మనం చాలా రాశాం, చాలా మాట్లాడాం. హాస్టల్ నుంచి వెలివేసిన తీరు గురించి, కులం గురించి మాట్లాడటం అవసరం, ఇంకా మాట్లాడాలి. ఆ ఉత్తరంలో ఒక లెక్క కూడా ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు రావాలని, అది తన కుటుంబానికి అందేలా చూడమని అతను రాశాడు. ఒక స్నేహితుడికి తీర్చాల్సిన అప్పు సంగతీ రాశాడు. కుట్టుపని చేసి పిల్లల్ని పెంచిన తల్లి కొడుకు అతను. నెలకు 25,000 చొప్పున ఏడు నెలలు. ఆ రోజుల్లో నాకు రావాల్సిందీ అదే 25,000 కాబట్టి ఆ అంకె అర్థం కావడానికి నాకు లెక్క కట్టాల్సిన పని రాలేదు.

పరిశోధన ఖర్చుల సంగతి కూడా చెప్పాలి. ఆంధ్ర చరిత్ర మీద పనిచేసే వాళ్లకు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, నిజాం కాలం కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వారాల తరబడి లాడ్జిలో ఉండాలి. చరిత్ర వంటి సబ్జెక్టులకు కంటింజెన్సీ కింద మొదటి రెండేళ్లూ ఏడాదికి 10,000 ఇస్తారు. అదీ ముందు మన జేబులోంచి పెట్టి, బిల్లులు సమర్పించాక వచ్చే డబ్బు. జేబులో ఉన్నవాళ్లు ముందు వెళతారు, ముందు రాస్తారు. లేనివాళ్లు అప్పు పుట్టేదాకా ఆగుతారు. అయిదేళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది, పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు. పని వెనకబడ్డవాళ్లకు ఆ చివరి ఏడాది రూపాయి రాదు. ఆడపిల్లలకైతే సరిగ్గా అప్పుడే ఇంటినుంచి ‘‘ఇంకా ఎన్నేళ్లు? సంబంధం చూశాం’’ అన్న ఫోన్లు మొదలవుతాయి. మా బ్యాచ్‌లో థీసిస్ చివరి అధ్యాయం దగ్గర ఆపేసి వెళ్లిపోయిన అమ్మాయిలున్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు.

గైడ్ మంచివాడైతే ఇదంతా కొంత తేలిక. మా గైడ్ మంచివారు, కాగితం పెట్టిన రోజే సంతకం చేసేవారు. కానీ విద్యార్థి భోజనం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు కదా. అధ్యాయం నచ్చలేదన్న కోపం హాజరు కాగితం మీద చూపించే గైడ్లను కూడా నేను చూశాను. ఎవరి మీద ఫిర్యాదు చేస్తామో, రేపు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇవ్వాల్సిందీ ఆ మనిషే. అందుకని అందరూ నోరు మూసుకుంటారు. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి వచ్చినవాళ్ల మౌనం ఇంకా గట్టిది. శ్రీకాకుళం కుర్రాడొకడు సెమినార్లో చర్చకు పెట్టిన పుస్తకం అందరికన్నా శ్రద్ధగా చదివి వచ్చేవాడు, కానీ ఇంగ్లిషులో వాక్యం కూడదీసుకునేలోగా చర్చ దాటిపోయేది. అతనికి ‘డల్’ అని పేరు పెట్టారు. ఇంగ్లిషు రాయడం నేర్పే ఒక్క తరగతి కూడా ఆ కోర్సువర్క్‌లో లేదు.

కేంద్రం 2016 నుంచి ఏటా ఉన్నత విద్యాసంస్థలకు ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు ప్రకటిస్తోంది. పరిశోధన పత్రాలకు, పేటెంట్లకు, పూర్తయిన పీహెచ్‌డీలకు, చివరికి బయట ఆ సంస్థకున్న పేరుకు కూడా అందులో మార్కులున్నాయి. ఫెలోషిప్ ఎన్ని నెలలు ఆలస్యమైందన్న దానికి లేవు. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆత్మహత్యలు ఆపడానికి కౌన్సెలర్లు కావాలి, కాదనను. అయితే మూడు నెలలుగా చేతిలో డబ్బు లేని పిల్లకు కౌన్సెలర్ చెప్పగలిగింది చాలా తక్కువ.

ఇప్పుడు నేను ఒంగోలులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏటా ఒకరిద్దరు పిల్లలు ఢిల్లీకో హైదరాబాద్‌కో పీహెచ్‌డీకి వెళతామని వస్తారు. వెళ్లమనే చెబుతాను. వాళ్ల తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట చెబుతాను: ఫోన్ చేసినప్పుడల్లా ‘చదువు ఎప్పుడైపోతుంది’ అనకండి, మెస్ బాకీ ఎంతుందో అడగండి.

విశ్వవిద్యాలయాలను నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. ఉద్యోగులందరికీ నెల జీతం వేసే రోజునే పరిశోధకులకూ ఫెలోషిప్ వేయండి. యూజీసీ నుంచి డబ్బు ఆలస్యమైతే మీ నిధుల్లోంచి ముందుగా ఇచ్చి తర్వాత రాబట్టుకోండి. అది కూడా చేయలేని నెలల్లో వాళ్లను మెస్ బిల్లు అడగకండి, వాళ్ల పేర్లు నోటీసు బోర్డుకు అంటించకండి.