చలికాలం – తారీఖులు – తాలుకాయలు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

చలికాలం గురించి రాయమంటే కవులు మంచు కురిసిందని మొదలుపెడతారు. సైన్సు విద్యార్థికి ఆ సౌకర్యం లేదు. మంచు 'కురవదు' అని మాకు ముందే చెప్పేశారు మరి! ఆకాశం నిర్మలంగా వున్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. కప్పుకోవడానికి మబ్బు దుప్పటి లేదు గనక తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ గడ్డి మీదా, ఆకుల మీదా నీటిబొట్లవుతుంది. అంతే, పైనుంచి ఎవరూ చల్లింది కాదు. ఈ సంగతి మా ఊళ్ళో మిర్చి కళ్ళం కాపలా కాసేవాళ్ళకి చెప్పి చూడండి. "కురిసినా పుట్టినా కాయ తడిసేది తడిసేదేగా, ముందు ఆ పట్టా కప్పవయ్యా" అంటారు. సైన్సుకీ సేద్యానికీ వున్న సంబంధం చాలావరకు ఆ ఒక్క మాటలో వుందని నా అభిప్రాయం.

అసలు గుంటూరు, ఒంగోలు ప్రాంతాల వాళ్ళం చలి గురించి మాట్లాడటమే సాహసం. రెంటచింతల ఎండలకి రాష్ట్రమంతా పేరు. మన థర్మామీటరు పదిహేను డిగ్రీల కిందికి దిగటం అరుదు. సిమ్లా వాడు వింటే నవ్వుతాడు. అయినా డిసెంబరు రాగానే హాస్టల్లో మంకీటోపీలు బయటికొస్తాయి. వేణ్ణీళ్ళ బక్కెట్టు దగ్గర పార్టీలకతీతంగా యుద్ధాలు జరుగుతాయి. 'సంక్రాంతికి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది' అని చలి గురించి పెద్దలు చెప్పిన మాట ఏ వాతావరణశాఖ బులెటిన్‌కీ తీసిపోదు. అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో వస్తుంది. కాని చలి అక్కడ ఆగదు, సంక్రాంతి దాకా ముదురుతూనే వుంటుంది. పొయ్యి ఆరగానే కుండ చల్లారదు గదా, ఇదీ అంతే.

ఇంకో చిత్రం. భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో అతి దగ్గరగా వచ్చేది మనం వణుకుతున్న జనవరి మొదటివారంలోనే! అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు. అంటే యాభై లక్షల కిలోమీటర్లు దగ్గరికి జరిగి మరీ చలి కాచుకుంటున్నామన్నమాట. ఋతువులకి కారణం దూరం కాదు, భూమి ఇరుసు ఇరవైమూడున్నర డిగ్రీలు వాలి వుండటం.

సంక్రాంతి సంగతీ అంతే. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో. మనం పండుగ చేసేది జనవరి 14, 15న. సుమారు పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఈ రెండూ ఒక్కరోజే వచ్చేవి. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తూలడం వల్ల సుమారు డెబ్బై రెండేళ్ళకి ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చింది. ఇదంతా పోయిన సెలవుల్లో మా నాయనమ్మకి వివరించి, "ఉత్తరాయణం వచ్చి మూడు వారాలైంది నాయనమ్మా" అన్నాను. ఆవిడ అరిసెల పాకం మీద నుంచి కన్ను తీయకుండా, "అయితే నీ అరిసెలు ఆ రోజే తినాల్సింది నాయనా, ఇప్పుడు ఇక్కడెందుకు కూచున్నావు?" అంది. నేను వెంటనే శాస్త్రాన్ని పక్కనపెట్టి సంప్రదాయం వైపు చేరాను.

ఈ తారీఖుల పిచ్చి నా ఒక్కడిదే కాదు. పేపర్లలో, నోటీసు బోర్డుల మీద, సెల్‌ఫోన్లలో 'చరిత్రలో ఈ రోజు' అని రోజూ ఏదో ఒకటి వస్తూనే వుంటుంది. చలికాలానికి ఈ విషయంలో లోటు లేదు. డిసెంబరు 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు (1887). మర్నాడు చౌధురీ చరణ్‌సింగ్ జయంతి (1902), అదే జాతీయ రైతు దినోత్సవం. ఆ రోజు సభలు జరుగుతాయి, దండలు పడతాయి. రైతులు మాత్రం రారు. పత్తి తీతలో వుంటారు. డిసెంబరు 25 న్యూటన్ పుట్టినరోజు (1642). కాని అది అప్పటి ఇంగ్లండు పాత క్యాలెండరు లెక్క. ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4. అంటే అంతటి న్యూటన్‌కి కూడా మనలాగే రెండు పుట్టినరోజులు! మా క్లాసులో సగం మంది జూన్ ఒకటినో జులై ఒకటినో పుట్టినట్టు స్కూలు రికార్డు. వాళ్ళ అమ్మలు మాత్రం 'మిరప కోతలప్పుడు' అనో, 'పత్తి రెండో తీతప్పుడు' అనో చెబుతారు.

ఇక మన మిర్చి. గుంటూరు కారం అని విర్రవీగుతాం గాని, మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కాలికట్టులో దిగిన తర్వాతే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. పల్నాటిలో జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటువులు చెప్పే శ్రీనాథ మహాకవి అంతకు ముందరివాడు. పాపం, నంజుకోవడానికి కొరివికారం కూడా లేదు. విసుక్కోక ఏం చేస్తాడు? పైగా కారం రుచి కాదు, మంట. సలసల కాగేదాన్ని తాకినప్పుడు మెదడుకి కబురు పంపే గ్రాహకమే మిరపకాయకీ కబురు పంపుతుంది. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకానికి మిరప ఘాటు అంటదు, అందుకే రామచిలక పండుమిరపకాయని జామపండులా తినేస్తుంది. మన ఒంగోలు గిత్త ఇంకా దూరం పోయింది. బ్రెజిల్లో మాంసం పశువుల్లో అత్యధిక భాగం మన గిత్త సంతతే. అయితే అక్కడ దాని పేరు 'నెలోర్'. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో వుండేది లెండి.

ఇవన్నీ చదవడానికి బాగానే వున్నాయి. క్విజ్ పోటీలో రెండు మార్కులు కూడా వస్తాయి. కాని నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. కళ్ళంలో కాయ ఆరాక ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయ ఏరతారు. తాలుకాయ చూడ్డానికి మిరపకాయే, దానికీ తొడిమ వుంటుంది, తూకానికీ వస్తుంది. రంగు, రేటు వుండవు. ఎందుకు జరిగిందో చెప్పని తారీఖు కూడా తాలుకాయ లాంటిదే. మన బుర్రల్లో ఇలాంటి తాలు టిక్కీల కొద్దీ నిల్వ వుంది. మేలిరకం కాయ మాత్రం మన ఊళ్ళోనే, ఎవరూ ఏరకుండా పడి వుంది.

ఉదాహరణకి ఒకే ఒక్క చలికాలం, 1921–22. చౌరీచౌరా ఎప్పుడని అడిగితే 1922 ఫిబ్రవరి అని ఏ విద్యార్థయినా చెబుతాడు. అదే చలికాలంలో ఇక్కడ, అప్పటి గుంటూరు జిల్లాలో ఏం జరుగుతోంది? మునిసిపాలిటీ పన్నులు భరించలేక చీరాల–పేరాల ప్రజలు పదివేల మందికి పైగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఊరు విడిచి, రామనగర్ పాకల్లో వణుకుతున్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. పంట చేతికొచ్చే రోజుల్లోనే సర్కారుకి శిస్తు కావాలి గనక, దెబ్బ తగిలేదీ ఆ రోజుల్లోనే అని వాళ్ళకి తెలుసు. చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఉద్యమం ఆపమనేదాకా ఆ పట్టు సడల్లేదు. ఆ ఫిబ్రవరిలోనే పల్నాటి అడవుల్లో పశువుల మేతకి పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకి బలయ్యాడు. ఒకే జిల్లా, ఒకే చలికాలం, మూడు పోరాటాలు! మూడూ పన్ను మీదే. చలికాలం ముడుచుకు పడుకునే కాలమని అన్నదెవరండీ? గుంటూరు నుంచి పెదనందిపాడు ఎంత దూరం? బస్సెక్కితే గంట ప్రయాణం. గోరఖ్‌పూర్ పక్కనున్న ఊరి తారీఖు నోటికొచ్చి, పక్క మండలం కథ తెలియకపోతే ఆ చదువుని ఏమనాలి?

మా నాయనమ్మకి తారీఖులు రావు. ఆవిడ క్యాలెండరులో ఏళ్ళకి అంకెలుండవు, పేర్లుంటాయి. 'ఉప్పెన ఏడు' అంటే 1977. ఆ నవంబరు 19న దివిసీమని ముంచిన సముద్రం మన రేపల్లె వైపునీ వదల్లేదు. 'తెల్లదోమ ఏడు' అంటే 1987. 'పురుగు ఏడు', 'నల్లి ఏడు' ఆ తర్వాతవి. ఈ పేర్లని వరసగా పెట్టి చూస్తే నా చదువుకి పనికొచ్చే పాఠం ఒకటి కనబడింది.

1980 తర్వాత మన నల్లరేగడి మీద పత్తి జోరుగా పెరిగింది. పురుగు కనబడితే చాలు, కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులు వారం వారం కొట్టారు. ఆ మందు కాయ తొలిచే పురుగుతోపాటు తెల్లదోమని తినే మిత్రపురుగులని కూడా చంపింది. అదుపు చేసేవాడు పోయాక తెల్లదోమ విజృంభించింది. దోమకి మళ్ళీ మందు, మందుకి మళ్ళీ అప్పు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. కొందరు తాగింది చేలో కొట్టగా మిగిలిన మందే. పదేళ్ళు తిరిగేసరికి శనగపచ్చ పురుగు ఆ మందులకి అలవాటు పడిపోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, ఇక బాధ లేదన్నారు. తర్వాత గులాబీరంగు పురుగు బీటీకీ అలవాటు పడింది. 2021–22 చలికాలంలో మిరప పూతలో నల్ల తామరపురుగు దిగింది. అప్పుడు మా ఊళ్ళో ఏం చేశారు? మూడు నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి, రెండు మూడు రోజులకోసారి కొట్టారు. ముప్పయి అయిదేళ్ళ క్రితం అచ్చంగా ఇదే చేశామని చెప్పగలిగినవాళ్ళు అరుగు మీద కూచునే వున్నారు. వాళ్ళని అడిగినవాడు లేడు. అడగవలసింది మనం, సైన్సు చదివే పిల్లలం. మనం ఆ రోజుల్లో న్యూటన్ పుట్టినరోజు వాట్సాప్‌లో పంపుకుంటున్నాం.

ధరలూ అంతే. 2023లో మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయలుగా ధర నిర్ణయించాల్సి వచ్చింది. రేటు వచ్చిన ఏడు చూసి అందరూ వేయడం, అందరూ వేసిన ఏడు రేటు పోవడం కొత్త కథేమీ కాదు. కాని ప్రతి తరం దీన్ని కొత్త పాఠంలాగే, పూర్తి ధర పెట్టి కొనుక్కుంటోంది. మన ప్రాంతంలో మరపు ఉచితం కాదండీ. ఎకరాకి ఇంతని లెక్క కట్టి వసూలు చేస్తుంది.

"గుర్తుపెట్టుకుంటే రేటు వస్తుందా? పురుగు పోతుందా?" అని మా బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రాదు. మిర్చియార్డులో ధర మన జ్ఞాపకశక్తిని బట్టి పలకదు. ఖర్చుకి తగ్గ ధర ఇప్పించవలసిన బాధ్యత ప్రభుత్వం నెత్తిన వుండాల్సిందే, మన మరపు సాకుగా దాన్ని దించుకోవడానికి వీల్లేదు. కాని మందుల కొట్టు ముందు నిలబడినప్పుడు, "ఇది మిత్రపురుగుని చంపుతుందా? పోయినసారి ఇది కొట్టాక ఏమైంది?" అని అడగగలిగేవాడికీ, "మంచి మందు ఇవ్వండి" అనేవాడికీ తేడా వుంటుంది. ఆ తేడా కొన్ని ఇళ్ళల్లో ఒక ఎద్దుల జత విలువ చేసింది.

అందుకని యూనియన్ వారికీ, మిత్రులకీ, లెక్చరర్లకీ ఒక చిన్న సూచన. దీనికి నిధులక్కర్లేదు, తీర్మానాలక్కర్లేదు. కాలేజి నోటీసు బోర్డులో ఒక మూల 'మన నేల మీద ఈ రోజు' అని కేటాయించండి. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక్క చీటీ తేవాలి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఏ ఏడు, ఏ పంట, ఏం వచ్చింది, ఏం చేశారు, ఎంత పోయింది, ఎందుకు అన్నవి రాయాలి. ఆ ఆఖరి 'ఎందుకు' లేని చీటీ తీసుకోవద్దు. అది తాలు. కూలికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు పత్తి తీత కూలి ఏ ఏడు ఎంతో రాయాలి, అదీ చరిత్రే. చేనేత ఇళ్ళవాళ్ళు నూలు ధర రాయాలి. జువాలజీ వాళ్ళు పురుగులవి, కెమిస్ట్రీ వాళ్ళు మందులవి, కామర్స్ వాళ్ళు ధరలవి వరస చేయొచ్చు. లాం ఫారం శాస్త్రవేత్తలకి చూపిస్తే తప్పొప్పులు దిద్దుతారు. పాతతరం పూర్వవిద్యార్థులు ఇది చదువుతుంటే, మీరు చూసిన ఏళ్ళు కూడా రాసి పంపండి. మాకంటే మీ దగ్గరే సరుకెక్కువ.

మా ఇంటి చీటీ నేను ముందే రాసిపెట్టాను: "1987. పత్తి, నాలుగెకరాలు. తెల్లదోమ. తాతయ్య పద్నాలుగుసార్లు మందు కొట్టారు. సంక్రాంతికి ముందు ఎద్దుల జత అమ్మి మందుల కొట్టు బాకీ కట్టారు. ఎందుకు: పదిహేనోసారి కొట్టమన్నవాళ్ళు వున్నారు గాని, ఆరోసారి దగ్గర ఆపమన్నవాళ్ళు లేరు." చదివి వినిపిస్తే నాయనమ్మ ఒక్క దిద్దుబాటు చెప్పింది. ఎద్దుల పేర్లు రాయలేదట. రాశాను. రాముడు, భీముడు.