వడ్లు, రోడ్డు, ఒక్క హెల్మెట్టు

మా ఆఫీసులో బండి ఉన్న ప్రతివాడికీ ఒక లడఖ్ కల ఉంటుంది. నాకూ ఉంది. పెళ్ళై ఎనిమిదేళ్ళయినా అది ఇంకా కలగానే ఉందనుకోండి, అది వేరే సంగతి. దీపావళి తర్వాత ఒక శనివారం హుజూరాబాద్‌లో అత్తగారింటికి వెళ్ళినప్పుడు మా ఆవిడే అంది, "లడఖ్ తర్వాత చూద్దాంలే, ముందు మా ఊరి చుట్టుపక్కల తిప్పు" అని. నిజమే. ఇన్నేళ్ళలో నేను ఆ ఊరు చూసింది కారు అద్దంలోంచే. పెళ్ళికో చావుకో రావడం, తిని పోవడం.

మామయ్యగారి పాత స్ప్లెండర్ తీసి పొద్దున్న ఏడింటికల్లా బయల్దేరాం. వరంగల్ రోడ్డు మీద ఎల్కతుర్తి దాకా వెళ్ళి, అక్కడ చాయ్ తాగి, కుడివైపు సిద్దిపేట రోడ్డు పట్టుకున్నాం. నలభై దాటని స్పీడు. ఒక పక్క కోతకొచ్చిన వరి, ఇంకో పక్క తెల్లగా విచ్చుకున్న పత్తి, మధ్యలో తాటిచెట్లు, దూరంగా బండరాళ్ళ గుట్టలు. వెనక నుంచి మా ఆవిడ కామెంటరీ. యాసంగిలో వస్తే ఇంకా బావుంటుందట. ఇక్కడ హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు కదా, ఆడ వరుసలు, మగ వరుసలు వేరువేరుగా నాటి, పూత టైములో ఇద్దరు చెరోవైపూ తాడు పట్టుకుని పైరు మీదుగా లాగుతారు, పుప్పొడి రాలడానికి. బడికి పోతూ రోజూ చూసేదట. ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పలేదో, నేనే వినలేదో!

ములుకనూరులో ఆగాం. 1956లో విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. రైతుకి అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ అదే. ఆడవాళ్ళే నడిపే స్వకృషి పాల డెయిరీ కూడా అక్కడిదే. మన స్టార్టప్పుల సగటు ఆయుష్షు తలుచుకుని కొంచెం సిగ్గేసింది. అక్కడి నుంచి వంగర, పీవీ నరసింహారావు గారి ఊరు. 1991 సంస్కరణలు లేకపోతే మనలో చాలామంది బయోడేటాలు ఇంకోలా ఉండేవి. ఆ ఇంటి ముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డాం. కొత్తకొండ వీరభద్రస్వామికి దండం పెట్టుకుని, ఆ చుట్టుపక్కలే ఇంకాసేపు తిరిగి వెనక్కి బయల్దేరేసరికి పొద్దు గూకింది.

ఇంతవరకూ ఫొటోల కథ. అసలు కథ ఇక్కడుంది.

చీకటి పడ్డాక ఒక ఊరి పొలిమేరలో రోడ్డుకి సగం దాకా వడ్లు పోసి, మీద నల్ల పరదా కప్పి, అంచుల వెంట రాళ్ళు పెట్టారు. ఎదురుగా లారీ లైట్లు కళ్ళల్లో కొట్టాయి. పరదా కనబడలేదు. బండి జారింది. స్పీడు తక్కువ కాబట్టి బతికిపోయాం. నాకు మోచెయ్యి గీసుకుంది, మా ఆవిడకి మోకాలు, నుదురు.

నేను లేస్తూనే తిట్లకి లంకించుకున్నాను. "రోడ్డు మీ అబ్బ జాగీరా?" స్థాయిలో. పక్కనే మంచం వేసుకుని కావలి పడుకున్న పెద్దాయన పరిగెత్తుకొచ్చి ముందు మంచినీళ్ళిచ్చాడు. "దెబ్బలు తాకినయా బిడ్డా?" అని మా ఆవిడనడిగాడు. తర్వాత నాతో, "రోడ్డు మీద పొయ్యద్దని మాకు ఎర్కలేదా సారూ? మరి యాడ పొయ్యాలె? తేమ పదిహేడు దాటితే కాంటా పెట్టరు" అన్నాడు.

ఇంటికొచ్చాక మామయ్యగారు విడమరిచి చెప్పారు. వెనక కొడవలితో కోసినప్పుడు పనలు పొలంలోనే ఆరేవి, తర్వాత కల్లంలో కొట్టేవారు. ఇప్పుడు కోత మిషన్ ఒక్క పూటలో ఎకరాలకి ఎకరాలు కోసేస్తుంది. పచ్చి వడ్లు ఒక్కసారిగా ఇంటి మీద పడతాయి. కాకతీయ కాలువ నీళ్ళు, 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు... వరి పెరిగింది. కల్లాల జాగా మాత్రం పెరగలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఊళ్ళో ఎండ తగిలే చదును నేల ఏది? తారు రోడ్డే. ఉపాధి హామీ డబ్బుతో కట్టిన కల్లాల మీద 2022లో కేంద్రానికీ రాష్ట్రానికీ పెద్ద పేచీ నడిచింది. 150 కోట్ల పైచిలుకు వెనక్కివ్వమన్నారు. చేపలు ఆరబెట్టుకోవడానికి రూలు ఒప్పుకుంటుందట, వడ్లకి ఒప్పుకోదట!

ప్రొడక్షన్ పడిపోతే ఆఖరి చెక్-ఇన్ చేసినవాణ్ణి తిట్టే మేనేజర్లని చూసి మనం నవ్వుకుంటాం కదా. ఆ రాత్రి నేను చేసింది అచ్చం అదే. అలాగని రోడ్డు మీద వడ్లు పోయడం ఒప్పని కాదు. ఆ రాళ్ళకి తగిలి పోయినవాళ్ళ వార్తలు ప్రతి కోతల కాలంలోనూ చదువుతున్నాం. వాళ్ళలో ఎక్కువమంది ఆ ఊళ్ళవాళ్ళే, మనలా చూసిపోవడానికొచ్చినవాళ్ళు కాదు. పోలీసులు వచ్చి కేసు పెడితే ఆ ఒక్క కుప్ప కదులుతుంది. ఊరికో నాలుగు సిమెంటు కల్లాలు కడితే రోడ్డు మొత్తం ఖాళీ అవుతుంది. నా లెక్కలో రోడ్డు భద్రత బడ్జెట్టులో రాయాల్సిన ఖర్చు అది.

మరి నా సంగతి? నుదుటికి పసుపు అద్దుకుంటూ మా ఆవిడ తాపీగా అడిగింది: "ఆయన్ని అన్ని మాటలన్నవు. మరి హెల్మెట్ నీ ఒక్కని నెత్తికే ఎందుకుండె?"

సమాధానం లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్న మనిషికి కూడా హెల్మెట్ ఉండాలంటుంది. నాకు ముందే తెలుసు. "పక్క ఊళ్ళకేగా" అనుకున్నాను. ఆ పెద్దాయన దగ్గర వేరే దారి లేదు. నా దగ్గర వెయ్యి రూపాయలకి వచ్చే దారి ఉంది, నేను కొనలేదు. ఇద్దరిలో తప్పు ఎవరిది పెద్దదో మీరే చెప్పండి.

సోమవారమే రెండో హెల్మెట్ కొన్నాను. యాసంగి పూతకి మళ్ళీ వెళ్తున్నాం, తాడు లాగడం చూడ్డానికి. మీరూ మీ ఊళ్ళకి బండి మీద వెళ్ళండి, జంటగా వెళ్ళండి. కానీ కోతల రోజుల్లో మాత్రం చీకటి పడకముందే ఇల్లు చేరండి. రోడ్డు మీద వడ్లు కనిపిస్తే హారన్ కొట్టడం మాని ఒక్క నిమిషం ఆగి, కాంటా అయ్యిందా అని అడగండి. లడఖ్‌లో దొరకని కబుర్లు దొరుకుతాయి.